మైసూరు పద్ధతి (యోగం)

మైసూరు పద్ధతి అంటే అష్టాంగ విన్యాస యోగాన్ని నేర్పే ఒక తీరు. గదిలో పదిమంది ఉన్నా ఎవరి సాధన వారిది, ఎవరి ఊపిరి లెక్క వారిది. గురువు ముందు నిలబడి అందరికీ ఒకే పాఠం చెప్పరు. చాపల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ విడిగా సరిదిద్దుతారు. సంగీతంలో సరళీ స్వరాలు కుదిరాకే జంట వరుసలు అందుకున్నట్టు, ఒక ఆసనం నిలిచాకే తర్వాతిది ఇస్తారు.

నేపథ్యం

ఈ పద్ధతికి మూలం తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) బోధన. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు ఆదరణతో 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో ఆయన యోగశాల మొదలైంది. మరుసటి ఏడు ఆయన కన్నడ గ్రంథం ‘యోగ మకరంద’ వెలువడింది. ప్రతి కదలికనూ ఉచ్ఛ్వాస నిశ్వాసాలతో ముడివేసే ‘విన్యాసం’ ఆయన బోధనలో ముఖ్యాంశం. దీనికి ‘యోగ కొరుంట’ అనే ప్రాచీన గ్రంథం ఆధారమని సంప్రదాయం చెబుతుంది కానీ దాని ప్రతి లభ్యం కాలేదు. ప్యాలెస్ వ్యాయామశాల ప్రభావం కూడా ఉందని పరిశోధకుడు నార్మన్ షోమన్ 1996లో ప్రతిపాదించారు. రాజాదరణ పోయాక 1950లో ఆ శాల మూతపడింది.

పట్టాభి జోయిస్

హాసన్ సమీపంలోని కౌశిక గ్రామంలో 1915లో పుట్టిన కె. పట్టాభి జోయిస్, 1927లో కృష్ణమాచార్య ప్రదర్శన చూసి శిష్యుడయ్యారు. 1937 నుంచి 1973 వరకు మైసూరు సంస్కృత కళాశాలలో యోగం బోధించారు. 1948లో మైసూరులోని లక్ష్మీపురంలో అష్టాంగ యోగ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నెలకొల్పారు. అక్కడి గదిలో డజను చాపలు పరిస్తే నిండిపోయేది. మిగిలినవారు బయట కాచుకునేవారు. ఒకరు ముగించి లేవగానే ‘వన్ మోర్’ అన్న పిలుపు వినిపించేది.

సాధన తీరు

కొత్తగా చేరినవారు సూర్య నమస్కారాలతో మొదలుపెడతారు. మొదటి రకంలో 9 విన్యాసాలు, రెండో రకంలో 17. ఆ తర్వాత వచ్చే ఆసనాలు వరుస శ్రేణులుగా ఉంటాయి. మొదటి శ్రేణిని యోగ చికిత్స అని, రెండోదాన్ని నాడీ శోధన అని, పైవాటిని స్థిర భాగ అని అంటారు. క్రమం కంఠతా రావడం తప్పనిసరి. శిష్యుడికి వరుస గుర్తుంటేనే గురువుకు చెప్పే పని తప్పి, చూసే తీరిక దొరుకుతుంది.

మొదటి శ్రేణిలో చాలామంది ఆగిపోయే చోటు మరీచ్యాసనం నాలుగో రూపం. ఒక కాలు అర్ధ పద్మంలో మడిచి, రెండో మోకాలు నిలబెట్టి, నడుము తిప్పి, ఆ మోకాలి చుట్టూ చెయ్యి పోనిచ్చి వీపు వెనుక పట్టు అందుకోవాలి. పట్టు చిక్కకపోతే ఆనాటికి ముందుకు పోకుండా ముగింపు ఆసనాలకు మళ్లుతారు. అలా నెలలు గడవవచ్చు. వారంలో ఒకటి రెండు సార్లు మాత్రం గురువు సంస్కృతంలో ‘ఏకం, ద్వే’ అని లెక్కపెడుతుంటే అందరూ కలిసి చేస్తారు. అమావాస్య, పౌర్ణమి నాడు సెలవు.

వ్యాప్తి

1964లో బెల్జియం నుంచి ఆంద్రే వాన్ లైస్‌బెత్, 1970ల ఆరంభంలో అమెరికన్లు మైసూరు వచ్చి నేర్చుకున్నారు. 1975లో జోయిస్ తన కుమారుడు మంజుతో కలిసి కాలిఫోర్నియాలోని ఎన్సినీటస్‌లో బోధించారు. మైసూరులో ఇలా నేర్పడమే మామూలు కనుక దానికి వేరే పేరు అవసరం రాలేదు. సామూహిక తరగతులకు అలవాటుపడిన విదేశాల్లోనే ‘మైసూరు స్టైల్’ అన్న పేరు స్థిరపడింది. 2002లో జోయిస్ శాల లక్ష్మీపురం నుంచి మైసూరులోనే ఉన్న గోకులానికి మారింది. 2009లో జోయిస్ మరణించాక మనవడు శరత్ జోయిస్ 2024లో తాను కన్నుమూసేదాకా బోధన సాగించారు.

విమర్శలు

ఆసనం సరిదిద్దే నెపంతో పట్టాభి జోయిస్ తమను అనుచితంగా తాకారని పలువురు పూర్వ శిష్యురాళ్లు బహిరంగంగా ఆరోపించారు. 2019లో శరత్ వారికి క్షమాపణ చెప్పారు. గురువు చేతి సాయం మీద ఇంతగా ఆధారపడిన పద్ధతిలో ఆ చెయ్యి హద్దేమిటన్న చర్చ మొదలైంది. తాకవచ్చో వద్దో తెలిపే చిన్న కార్డును ఇప్పుడు కొన్ని శాలల్లో సాధకులే చాప పక్కన పెట్టుకుంటున్నారు.