పరిమళములు కూర్చినవారు



బుక్కాగులాలు అను జంటపదమును మనము ప్రతి జాతరలోను వినుచుందుము. గులాలు ఎర్రని పొడి యని పసివానికైనను తెలియును. బుక్క యన నేమని యడిగినచో సిద్దిపేట అంగడివీథిలో పూజాద్రవ్యము లమ్ము వర్తకుడు సైతము ఒక క్షణము తటపటాయింపవచ్చును. సుగంధద్రవ్యములను ఎండించి, నూరి, గుడ్డతో వస్త్రగాళితము పట్టిన పరిమళచూర్ణమే బుక్క. మాట నిలిచినది; దానిని కూర్చిన వాని పేరు నిలువలేదు. ఆ కూర్చినవారిని వెదకుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

ఇప్పుడీ ప్రస్తావన యేల యందురేమో. ఇటీవల మనదేశమున కొందరు ఏ పెద్ద కంపెనీ కొలువునను చేరక, ప్రకృతిసిద్ధములైన పూవులు, వేళ్లు, చెక్కలు, జిగురులు తామే సేకరించి, పరిమళములు కూర్చి, అయిదారు సీసాల తొలి సంపుటమును స్వతంత్రముగా అంగడికి దెచ్చుచున్నారు. చూచినవారు ఇది క్రొత్త వృత్తి యనుచున్నారు. వృత్తి మిక్కిలి ప్రాతది. సీసాపై కూర్చినవాని పేరుండుటయే క్రొత్త.

మన పురాణేతిహాసములను త్రిప్పినచో ఈ పని చేసినవారుగా ఇద్దరు స్త్రీలు మనకు వెంటనే జ్ఞప్తికి వత్తురు. ఒకరు విరటుని కొలువున సైరంధ్రియై గంధము నూరిన ద్రౌపది. రాజునకు గంధము నూరి నూరి కాయలు గాచిన తన చేతులను ఆమె భీమునకు చూపినదని భారతము చెప్పుచున్నది. ఆ కాయలు గాచిన చేతులే ఈ వృత్తినిగూర్చి నేను చదివిన వర్ణనలలో నిజమైనవిగా తోచినవి. రెండవది కంసునికి మైపూత లందించిన కుబ్జ. మన పొరుగున నున్న బమ్మెర పోతనామాత్యుని భాగవతమువలన ఆమె కథ ఇంటింట తెలిసినదే. ఇరువురును దాసీవృత్తిలో నున్నవారే యగుట గమనింపదగినది. పూసికొన్నవాడు రాజు, నూరినది దాసి.

శాస్త్రము మాత్రము లేకపోలేదు. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి యను పేర ఒక యధ్యాయమునే వ్రాసెను. పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఎన్నుకొన్నచో 1820 విధముల కూర్పు లేర్పడునని అచ్చట లెక్క తేలుచున్నది. నాలుగింటి పాళ్లను మార్చిన కొలది ఆ సంఖ్య ఇంకను పెరుగుచు పోవును. పరిమళమును గణితముతో కొలిచిన దేశము మనది.

పిమ్మట కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో, 1130 ప్రాంతమున, మానసోల్లాసమను గ్రంథమును రచించెను. ఆ కల్యాణి నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణము. నిజాము రాజ్యము నడచినంతకాలము సిద్దిపేటతోపాటు ఆ సంస్థానముననే యుండెను. రాజు స్నానముచేయు తైలమునుగూర్చి అతడు వ్రాసిన విషయము మన గాండ్లవారికి బాగుగా బోధపడును. నూనెలో పూవులు వేసి కాచుట కాదు. నువ్వులకే పూలవాసన పట్టించి, ఆ నువ్వులను గానుగ నాడుట. ఇదే పద్ధతి ఉత్తరదేశమున మల్లెనూనె చేయువారిలో చిరకాలము నిలిచినది. నువ్వులు ఒక పొర, పూవులు ఒక పొర పరతురు. వాడిన పూవుల నేరివేసి మరల క్రొత్తపూవులు పరతురు. ఇట్లు పలుమారులు చేసిన తరువాత గింజలోని నూనె వాసనను త్రాగును. మల్లె సుకుమారమైనది, మంటకు తాళదు. గింజ యొక్క చల్లని నూనెయే దానికి తగిన పాత్ర.

ఇక చరిత్రకు గట్టి ఆధారములగు శాసనములకు వత్తము. చీరాల సమీపమున సముద్రపుటొడ్డున మోటుపల్లి కలదు. అచ్చటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసన మున్నది. తుపానుచే తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకులను పూర్వపు రాజులు బలాత్కారముగ హరించుచుండిరి. మేమట్లు చేయము, నిర్ణీతమైన సుంకమునే గొందుమని అందు చెప్పబడినది. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము. సరుకుల పట్టికలో మొట్టమొదటిది చందనము! పిదప కర్పూరము, చీనీకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, కర్పూరతైలము, గంధద్రవ్యములు. రాగి, సీసము, పట్టునూలు వీనితో కలిసి వచ్చుచున్నవి. ఒరుగల్లు ఏలిన రాజు బొక్కసమునకు పరిమళము ఎంతటి రాబడియో దీనివలన తెలియును. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చి శాసనము వేయించెను.

కొండవీటి కుమారగిరిరెడ్డి (1386–1402) కాలమునకు ఈ భోగము శిఖరము నందెను. ఏటేట వసంతోత్సవమున కర్పూరమును వెదజల్లించుటచే అతనికి కర్పూరవసంతరాయ డను బిరుదే వచ్చినది. ఆ సంభారములను సమకూర్చిన సముద్రవర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఇతనికే. సింహళపు టేనుగులు, హురుముంజి గుఱ్ఱములు, చీనాపట్టులతోపాటు కర్పూరము, కస్తూరి, గోవనుండి జవ్వాది దెప్పించినవాడుగా అందు కీర్తింపబడెను.

చూడుడు: సుంకము గొన్న రాజు పేరున్నది. అమ్మిన సెట్టి పేరున్నది. ఆ సెట్టిని పొగడిన కవి పేరు జగద్విదితము. కర్పూరమును కస్తూరితో ఏ పాళ్లలో మేళవించి, ఏ రాతిపై, ఎంతసేపు నూరిరో యెరిగిన చేయి యెవరిది? మోటుపల్లి శాసనము చెప్పదు, హరవిలాసము చెప్పదు. వ్రాయింపగల స్తోమత కలవాడే చరిత్రలో నిలిచెను. కూర్చువాని విద్య కొడుకునకో కోడలికో నోటిమాటగా దక్కినది, దక్కనిచో అంతరించినది.

సుల్తానుల కాలమున ఈ విద్య కొంత కాగితమెక్కెను. బీజాపురమున ఆదిల్‌షాహీల నాడు ఇత్రె నౌరస్‌షాహీ యను పరిమళగ్రంథము పారసీకమున వెలసినది. 1591లో వెలసిన హైదరాబాదు అత్తరులకు పెట్టినపేరై, చార్మినారు చుట్టుపట్ల అత్తరుదుకాణములు నేటికిని నడుచుచున్నవి. అయినను అచ్చట అమ్ము అత్తరులు పెక్కు గంగాతీరపు కనౌజునుండి వచ్చినవే. మనది కొను నగరము, అమ్ము నగరము. వండు నగరము కనౌజు.

వండుట యనుమాట ఊరక వాడలేదు. పెద్ద రాగిబానలో నీరు పోసి, పూవులు నింపి, మూత పెట్టి, మట్టితో సందులు మెత్తుదురు. క్రింద కట్టెలమంట, కొన్నియెడల పిడకలమంట. బాననుండి త్రాడుచుట్టిన వెదురుగొట్టము వంగి నీళ్లతొట్టిలో మునిగియున్న మరొక రాగికూజాలోనికి దిగును. ఆ కూజాలో ముందుగనే చందనపునూనె యుండును. పూలవాసనతో కూడిన ఆవిరి అందులో చల్లబడి, వాసన నూనెకు పట్టి, నీరు అడుగున నిలుచును. ఆ నీటిని తీసి మరల బానలో పోయుదురు. ఇట్లు దినములతరబడి సాగును. మంట ఎక్కువైనచో పూవు మాడును, తక్కువైనచో వాసన దిగదు. దానిని పొయ్యివాడు చేతి స్పర్శచేతను చప్పుడుచేతను కనిపెట్టవలసినదే.

ఇట్టి బట్టీలు తెలుగువారికి దగ్గరగా లేవా? ఉన్నవి. 1936 వరకు చెన్నపురి రాజధానిలో నుండి పిమ్మట ఒరిస్సాలో చేరిన గంజాము జిల్లాలో, తెలుగువారు పెక్కురు వసించు బరంపురము చుట్టుపట్ల, మొగలిపూవునుండి అత్తరు తీయుదురు. మగమొగలికే ఆ సువాసన. తెల్లవారుజామున పొత్తులు కోసి, వాసన పోకముందే బట్టీకి చేర్చుట ఆ ప్రాంతపు పరిశ్రమ. మన పొలాల గట్లపై, వాగుల యొడ్డున మొగలి పొదలకు కొదవ లేకున్నను, పాము లుండునని నరికివేయుటయే మనకు తెలిసిన పని.

ఇంతలో పాశ్చాత్యదేశములందు రసాయనశాస్త్రము వచ్చిపడెను. ఎండుగడ్డి వాసననిచ్చు కుమారినును 1868లో పెర్కిను అను ఆంగ్లేయుడు ప్రయోగశాలలో చేసెను. 1874లో వెనిల్లా సారము, 1888లో కృత్రిమకస్తూరి పుట్టినవి. నేను రసాయన పరిమళమును నిందింపబోను. కస్తూరికై మృగమును చంపవలసిన అగత్యము దానివలన తగ్గినది. 1972 వన్యప్రాణి సంరక్షణ శాసనమువలన మనదేశమున ఆ మృగమును వేటాడుట నేరమైనది. బీదవానికి సైతము పెండ్లినాడు ఒక చుక్క అత్తరు అందినది. అయితే గులాబి యన్న పేరున గులాబి లేని సీసా వచ్చుట, చందనపు నూనెకు బదులు వాసన లేని ఖనిజతైలమును పోయుట, ఇవి మోసములు. కొనువాని ముక్కు మొద్దుబారినచో కూర్చువాని విద్యకు విలువ యుండదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. శేషాచలపు ఎర్రచందనము వేరు, శ్రీగంధము వేరు. ఎర్రచందనము రంగునకును కొయ్యకును ప్రసిద్ధిగాని పరిమళమునకు కాదు. శ్రీగంధమును 1792లో టిప్పుసుల్తాను రాజవృక్షముగ ప్రకటించెను. నాటినుండి రెండువందల యేండ్లు అది రైతు పొలమున మొలచినను రైతుది కాలేదు. కర్ణాటకమున 2001లోను, తమిళనాట 2002లోను చట్టములు మారి, చెట్టు భూస్వామికి దక్కినది. తెలంగాణమున సైతము రైతులు శ్రీగంధపు తోటలు వేయుచున్నారు. వేసినవారు ఒకటి యెరుగవలెను: శ్రీగంధము తన వేళ్లను పొరుగుమొక్క వేళ్లకు తగిలించి ఆహారము పీల్చు చెట్టు. ఒంటరిగ బ్రతుకదు. మొదటి యేండ్లలో కందిచెట్టు దానికి మంచి తోడు.

ఇప్పుడు స్వతంత్రముగ తొలి సంపుటము కూర్పబూనిన తెలుగుబిడ్డ యొకడు సిద్దిపేటకు వచ్చినాడనుకొందము. అతనికి శాసనములలో దొరకునవి సరుకుల పేర్లు మాత్రమే. పాళ్లు ఎచ్చట దొరకును? మన యిండ్లలో వృద్ధస్త్రీలు నలుగుపిండికి పెసలతోపాటు కచ్చూరములు, బావంచాలు, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఎండిన మరువము చేర్చుదురు. ఏది పిడికెడు, ఏది చిటికెడు, ఏది నీడన నెండవలెను, ఏది ఎండలో నెండవలెను అనునది వారికి కొట్టినపిండి. అడవి కానుకొని యున్న పల్లెలలో అందుగుచెట్టు జిగురును ధూపమునకు ఏ ఋతువున గీరవలెనో యెరిగిన ముసలివారున్నారు. జిల్లాలోని ములుగున ఉద్యాన విశ్వవిద్యాలయమును అటవీకళాశాలయు వెలసినవి; అచ్చటి విద్యార్థులు పలక బలపము పట్టుకొని ఈ ముసలివారి ముంగిట కూర్చుండినచో ఎంత బాగుండును! వ్రాసికొన్న పాళ్ల క్రింద చెప్పినవారి పేరును ఊరి పేరును తప్పక వ్రాయవలెనని నా మనవి.

శ్రీగంధమునకు చేవ పట్టి నూనె దిగుటకు పదునైదేండ్లకు తక్కువ పట్టదు. 2016లో సిద్దిపేట జిల్లా యేర్పడిననాడు నాటిన మొక్క 2031కి గాని ఆ యీడునకు రాదు. తుంగముస్తెలకట్టి నిరీక్షణము లేదు. రైతు శపించి పెరికివేయు ఆ తుంగ వేరుననే యున్నవి. కడిగి, నీడన నెండబెట్టి, దంచి చూచినచో గది నిండ పరిమళించును.