ఆడవాళ్ళ పెట్టెలో ఫుట్‌బాల్



ఈవేళ ఫుట్‌బాల్ గురించి మాట్లాడబోతున్నానంటే మా కోడలు నవ్వింది. "ఆవకాయ గురించి చెప్తారనుకున్నాను అత్తయ్యా" అంది. ఆవకాయ గురించి చెప్పడానికి నాకంటే చెయ్యితిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫుట్‌బాల్ చూడ్డానికి ఇంటిల్లిపాదీ రైలెక్కి వెళ్ళిన సంగతి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. అందుకే ధైర్యం చేశాను.

2024 డిసెంబర్ 31న హైదరాబాదులో, గచ్చిబౌలి స్టేడియంలో, సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్ వాళ్ళు కేరళను ఒక్క గోలుతో ఓడించి 33వ సారి కప్పు పట్టుకుపోయారు. మా మనవరాలు అది ఫోనులో చూస్తూ, "ఆట మన ఊళ్ళో, ఆడేది వేరేవాళ్ళా? మనవాళ్ళేరీ నానమ్మా?" అని అడిగింది. "ఒకప్పుడు మనవాళ్ళే ఉండేవాళ్ళు తల్లీ. మన ఊళ్ళోనే, ఇదే కప్పు, గెలవడం నేను కళ్ళారా చూశాను" అన్నాను. పిల్ల నా మొహంకేసి చూసి, పాపం ముసలమ్మ ఏదో అంటోంది లెమ్మని ఊరుకుంది. ఆ చూపే నాచేత ఇదంతా రాయించింది.

చిన్నప్పుడు మేము సంతోష్ ట్రోఫీ అంటే సంతోషంగా ఇచ్చే కప్పు కాబోలు అనుకునేవాళ్ళం. కాదు. సంతోష్ అన్నది ఒక ఊరి పేరు, ఒక జమీందారీ పేరు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. ఆ సంస్థానాధిపతి పేరున 1941లో ఈ పోటీలు మొదలయ్యాయి. రాష్ట్రానికొక జట్టు. కాబట్టి గెలిచినా ఓడినా అది క్లబ్బు వ్యవహారం కాదు, ఊరి పరువు.

తన ఊరి జట్టు కోసం జనం బండ్లు కట్టుకుని బయలుదేరడం మన దేశంలో ఎప్పటినుంచి ఉందని అడిగితే, తెలిసినవాళ్ళు ముందు 1911 పేరు చెబుతారు. ఆ ఏడు జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్ల సిపాయిల జట్టుతో ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్ ఆడింది. మనవాళ్ళలో పదిమందివి ఉత్త కాళ్ళు. సుధీర్ ఛటర్జీ ఒక్కడే బూట్లు వేసుకున్నాడు. ఆ ఆట చూడ్డానికి బర్ద్వాన్ వైపునుంచి ప్రత్యేకంగా రైలు వేశారు. హుగ్లీ నది మీద స్టీమర్లు అదనంగా నడిచాయి. ఢాకానుంచి, అస్సాంనుంచి కూడా జనం వచ్చారని చెబుతారు. టిక్కెట్టు ధర దొంగబజారులో ఎన్నో రెట్లు పలికింది. చెట్లెక్కినవాళ్ళు చెట్లెక్కారు. అంతదూరం వచ్చి మైదానం దరిదాపులకు కూడా పోలేకపోయినవాళ్ళు వేలమంది. వాళ్ళకోసం ఒక ఉపాయం చేశారు. గాలిపటం మీద ఎవరికెన్ని గోల్సో రాసి ఎగరేశారు! వెనక నిలబడ్డవాళ్ళు ఆకాశంకేసి చూసి ఆట తెలుసుకున్నారన్నమాట. ముందు తెల్లవాళ్ళే గోలు చేశారు. తర్వాత శివదాస్ భాదురి సమం చేశాడు. ఆట ముగియవస్తుండగా అభిలాష్ ఘోష్ రెండోది కొట్టాడు.

ఈ కథ ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కాని ఒక్కటి మనసులో మెదులుతుంది. ఆ రైళ్ళలో, ఆ స్టీమర్లలో ఆడవాళ్ళున్నారా? నేను చదివినంతలో వాళ్ళ ఊసు ఎక్కడా కనిపించలేదు. అన్నం మూటలు కట్టి పంపినవాళ్ళు మాత్రం ఉండే ఉంటారు.

ఇక మన హైదరాబాదు సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీం గారని ఒక బడిపంతులు ఉండేవారు. అందరూ రహీం సాబ్ అనేవారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును ఆయన తీర్చిదిద్దారు. బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకుని ఒంటరిగా ఉరకడం ఆయనకు గిట్టదు. అటువంటి పరుగులు నిషేధించి పిల్లలకు పోటీలు పెట్టేవారు. వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ. ఎడమచేత్తో ముగ్గు వేయించినట్టు! ఫలితం ఊరికే పోలేదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు మన పోలీసులదే. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు 1950లో మోహన్ బగాన్ మీదే గెలిచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు రహీం గారే, ఆటగాళ్ళలో చాలామంది మన జంటనగరాల పిల్లలే. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం, ఇలా.

బలరాంది సికిందరాబాదు పక్కన అమ్ముగూడ. ఇంట్లో లేమి. పోలీసుల పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడిచేత వాటినే ఆటబూట్లుగా మార్పించుకున్నాడట. హైదరాబాదు దాకా రోజూ రావడం కష్టమంటే, అద్దె సైకిలుకు రోజుకో రూపాయి రహీం గారు తన జేబులోంచి ఇచ్చేవారట. ఆ రోజుల్లో రూపాయంటే చిన్న మాటా?

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. సొంత ఊరు సికిందరాబాదే అయినా ఉద్యోగం కాజీపేటలో. 1957-58 సంతోష్ ట్రోఫీ పోటీలు హైదరాబాదులో పెట్టారు. ముందటేడు తిరువనంతపురంలో బొంబాయిని 4-1తో ఓడించి కప్పు తెచ్చింది మన జట్టే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది దాటినా జట్టు పేరు ఇంకా హైదరాబాదే. మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది హైదరాబాదు, బొంబాయే. నాన్నగారు సెలవు పెట్టి, పాసు రాయించారు. మా అన్నయ్యలిద్దరికీ రెండు రాత్రులు నిద్ర లేదు. నాకప్పుడు ఏడేళ్ళు.

అమ్మ పులిహోర కలిపింది, పెరుగన్నం వేరే గిన్నెలో, మంచినీళ్ళకు మరచెంబు. మేమిద్దరం ఆడవాళ్ళ పెట్టెలో, నాన్నగారూ అన్నయ్యలూ పక్క పెట్టెలో. కాజీపేట నుంచి సికిందరాబాదు 130 కిలోమీటర్ల పైచిలుకు. ఘనపూర్, జనగామ, ఆలేరు... భువనగిరి కొండ కనిపించేసరికి నా కంట్లో బొగ్గునలుసు పడింది. అమ్మ కొంగు ముద్దచేసి ఊది కంట అద్దుతూంటే ఆ కొండ సగమే చూశాను.

సికిందరాబాదులో మా మేనత్త ఇంట్లో దిగాం. నాన్నగారి లెక్క ప్రకారం టిక్కెట్లు నాలుగు. తనకి, అన్నయ్యలకి, మా మామయ్యకి. అమ్మా నేనూ అత్తయ్యతో ఇంట్లో ఉండాలి. ఆ మాట ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అనుకోవలసిన అవసరమే ఎవరికీ కనబడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ విస్తళ్ళు తీస్తూ, తలెత్తకుండా, "నేనూ వస్తాను" అంది.

అత్తయ్య నోరు తెరిచింది. "వదినా, మైదానంలో ఆడవాళ్ళెక్కడుంటారు? మొగవాళ్ళు పోయొస్తారు. మనం అరిసెలకు పాకం పట్టుకుందాం" అంది. నాన్నగారు "ఏం చూస్తావే అక్కడ, నీకేం తెలుస్తుంది?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపడి.

అప్పుడు బయటపడింది, పదిహేనేళ్ళు కాపురం చేసిన మా నాన్నగారికి తెలియని సంగతి. మా అమ్మ పుట్టిపెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. మా మేనమామలు ఆటస్థలంలో ఆడుతూంటే నీళ్ళ కూజా, నిమ్మచెక్కలు పట్టుకుని వెళ్ళేది. గీత బయట కూర్చుని సాయంత్రాలన్నీ చూసేది. పెద్దమనిషి అయిన నాటినుంచి వెళ్ళనివ్వలేదు. తర్వాత కొన్నాళ్ళు పెరట్లో జామచెట్టెక్కి చూసింది. చెట్టు కొమ్మ కొట్టించేశారు. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరినంత మామూలుగా చెప్పింది.

మా మామయ్య మంచి మనిషి. జేబులోంచి టిక్కెట్టు తీసి అన్నయ్య చేతిలో పెట్టి, "అక్కయ్యగారు వెళ్ళిరానీండి. నేను గోడ బయట నిలబడి కేకలు వింటాను" అన్నారు. నాకు టిక్కెట్టు లేదు. పిల్లే కదా, అమ్మ చెయ్యి పట్టుకుంటే చాలన్నారు. టాంక్‌బండ్ మీదుగా బస్సులో వెళ్ళాం. దిగాక నాన్నగారు మాకంటే పది అడుగులు ముందు నడిచారు. అది నాకు ఇప్పటికీ గుర్తే.

ఫతే మైదాన్ అంటే విజయ మైదానం. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం అక్కడ విడిదిచేసిందని, గెలుపు తర్వాత ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1967లో దానికే లాల్‌బహదూర్ స్టేడియం అని పేరు పెట్టారు. ఆ రోజు అక్కడ మనుషుల తలలు తప్ప మరేమీ లేవు. ద్వారం దగ్గర తోపులాటలో మేమొక వైపు, నాన్నగారూ అన్నయ్యలూ ఇంకో వైపు అయిపోయాం. మా చుట్టుపట్ల ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళను చూసి అమ్మ కొంగు సర్దుకోవడం మానేసింది.

నాకు ఆటకంటే ముందువాళ్ళ వీపులే ఎక్కువ కనిపించాయి. అమ్మ నన్ను చంకకెత్తుకుంది. ఏడేళ్ళ పిల్లను! నేను బంతి వెనకాల తల తిప్పుతూంటే చెవిలో చెప్పింది: "బంతిని చూడకే. బంతి లేనివాణ్ణి చూడు. వాడు ఎటు పరిగెత్తుతున్నాడో అటే ఇప్పుడు బంతి పోతుంది." నిజంగా అటే పోయింది! రహీం గారి విద్య అంతా ఆ ఒక్క మాటలో ఉందని పెద్దయ్యాక పుస్తకాలు చదివితే తెలిసింది. ఆయన పేరు అమ్మకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. మూడుసార్లు మైదానం హోరెత్తింది, ఒక్కసారి గప్‌చిప్ అయింది. 3-1. గోడ బయట మామయ్య కూడా లెక్క సరిగ్గానే కట్టారు.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను, చెప్పడానికి మనసొప్పదు కాబట్టి. బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు, చివరిదాకా అటే ఉండిపోయి 2023లో కన్నుమూశారు. ఆయనలాగే ఎందరో వెళ్ళారు. అక్కడ ఆటకు ఆదరణ ఉంది, ఉద్యోగం ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనదేశానికి బంగారు పతకం తెచ్చిన రహీం గారు మరుసటేడు జూన్‌లో కాన్సరుతో పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరున ఇంకొక్కసారి సంతోష్ ట్రోఫీ గెలిచాం. ఆ తర్వాత లేదు.

2022 మార్చి 20న హైదరాబాదు పేరున్న క్లబ్బు గోవాలో ఐ.ఎస్.ఎల్. ఫైనల్ గెలిచింది, కేరళ జట్టు మీద, పెనాల్టీలతో. టీవీలో చూస్తే ఎటు చూసినా పసుపు చొక్కాలే. కేరళనుంచి బస్సుల్లో, రైళ్ళలో, మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు. ఇద్దరు కుర్రాళ్ళు దారిలో ప్రమాదంలో చనిపోయారు కూడా. కప్పు మనకొచ్చింది, ప్రయాణం వాళ్ళు చేశారు. ఆ క్లబ్బు కూడా 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఎవరిని తప్పుపట్టను? మేమూ మళ్ళీ ఎప్పుడైనా రైలెక్కామా?

ఆ రాత్రి సంగతి ఒకటి మిగిలింది. తిరుగు ప్రయాణంలో నాన్నగారు మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తయ్య అరిసెలు కట్టిచ్చింది, మాట మాత్రం ముక్తసరి. అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బండి జనగామలో ఆగింది. నాన్నగారు తన పెట్టె దిగి, ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చారు. టీ కావాలా అన్నారు. అక్కర్లేదంది అమ్మ. ఆయన కదల్లేదు. కాస్సేపు నిలబడి, గొంతు తగ్గించి, "ఆ రెండో గోలు ఎట్లా పడిందే? నా ముందు ఒక లావుపాటాయన లేచి నిలబడ్డాడు" అన్నారు.

అమ్మ అరిసెల డబ్బా మూత తీసి కిటికీ చెక్క మీద పెట్టింది. పక్కావిడ దగ్గర నాలుగు వక్కలు అడిగి తీసుకుంది. "ఇదిగో, వీడు కుడివైపు. వీడి దగ్గర బంతి లేదు" అని మొదలుపెట్టింది. పెట్టెలో ఆడవాళ్ళందరూ మూగారు. ఇంకా బంతి గోలు దాకా రాకముందే ఇంజను కూత వేసింది. నాన్నగారు పరుగెత్తుకెళ్ళి తన పెట్టె ఎక్కారు. మిగతాది ఘనపూర్‌లో దిగి వచ్చి విన్నారు.