మూసీ గట్టున ఒక పాత ఊరు

హైదరాబాదు చరిత్రను చెప్పుకొనునప్పుడు మనము సాధారణముగా 1591లో చార్మినారుతో ప్రారంభింతుము. గోలకొండను తలచుకొనువారు మరికొంత వెనుకకు పోవుదురు. కాని దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ పోవు పెద్దబాటను విడిచి, చైతన్యపురి వద్ద మూసీ వైపు దిగినచో, చార్మినారుకంటె వేయేండ్లకు పైబడిన సాక్ష్యమొకటి మనకు ఎదురగును.

అది ఫణిగిరి అను చిన్న గుట్ట. సూర్యాపేట జిల్లాలోని ప్రసిద్ధ బౌద్ధక్షేత్రమగు ఫణిగిరి వేరు. పేరు ఒకటైనను రెంటిని కలుపరాదు. ఇచట నరసింహస్వామి ఆలయము కలదు. ఆ చెంతనే ఒక బండపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనమున్నది. 1980వ దశకమున ఇది వెలుగులోనికి వచ్చినది. దీనిని చదివి ప్రకటించిన వారు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు. ఇందులో గోవిందరాజ విహారమను పేరు కనబడుచున్నది. ఆ గోవిందరాజు విష్ణుకుండి ప్రభువగు గోవిందవర్మయేయనియు, శాసనము క్రీ.శ. 5వ శతాబ్దిదనియు పండితుల అభిప్రాయము.

ఈ ఊహకు బలమిచ్చు ఆధారము మూసీ పరీవాహకముననే మరొకటి యున్నది. రామన్నపేట చేరువనున్న తుమ్మలగూడెమున దొరకిన రాగిరేకులలో, రాణి కట్టించిన విహారమునకు గోవిందవర్మ గ్రామములను దానమిచ్చిన సంగతి వ్రాసియున్నది. వైదికయాగములు చేసిన వంశమునకు బౌద్ధభిక్షువులపై ఇంతటి ఆదరమా యని నేడు మనకు వింతగా తోచవచ్చును. ఆ కాలమువారికి తోచినట్లు లేదు.

భిక్షాన్నముతో బ్రతుకు సన్యాసులు ఊరిలో నుండరు, ఊరికి మరీ దూరముగను నుండరు. విహారమున్నదన్నచో, ప్రొద్దుట పాత్ర పట్టుకొని పోయి ఎండ ముదరకముందే తిరిగి రాదగినంత దూరములో ఒక పల్లె, పల్లెకు పొలములు, పొలములకు నీరు ఉండియే తీరవలెను. ఆ నీరు మూసీయే. అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలియు ఈ నది, విహారమునకు గుట్టనిచ్చినట్లే పల్లెకు ఒండ్రునిచ్చినది.

తరువాతి కథ నీటి కథయే. 1626లో సరూర్‌నగర్ చెరువు వెలసినది. దాని అలుగు నీరు ఈ పల్లపు నేలల మీదుగానే మూసీకి చేరును. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరమును ముంచిన పిమ్మట, ఎగువన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడి నదికి కళ్లెము పడినది. చెరువు అలుగుకు మాత్రము కళ్లెము పడలేదు. దాని దారిలో మనము ఇండ్లు కట్టుకొంటిమి. 2020 అక్టోబరు వానలలో నీరు తన పాత దారిని వెదకుకొనుచు కాలనీలలోనికి వచ్చినది.

మలక్‌పేట గుట్టపైనున్న ఫ్రెంచి సేనాని రేమాండు సమాధిని చూడబోవువారు కలరు. ఈ బండను చూడబోవువారు అరుదు. చుట్టును ఇండ్లు పెరిగినవి. దీనిని కాపాడవలెనని చరిత్రాభిమానులు పలుమార్లు కోరియున్నారు. రాళ్లు కొట్టువానికి ఈ లిపి వట్టి గీతలుగనే కనబడును. ఆ చుట్టుపట్ల బడిపిల్లలనైనను ఏడాదికొకసారి అచటికి తీసికొనిపోయి, ఆ అక్షరములను చూపింపవలెనని ఉపాధ్యాయులకు మేము మనవి చేయుచున్నాము.