గుడ్డ బిళ్ల నుంచి నోటి మాట దాకా

1782 ఆగస్టు 7న న్యూబర్గ్ సైనిక శిబిరం నుంచి జార్జ్ వాషింగ్టన్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. విశేష సేవ చేసిన మామూలు సిపాయిలు ఎడమ రొమ్ము మీద ఊదారంగు గుడ్డతోగానీ పట్టుతోగానీ హృదయాకారంలో కత్తిరించి, చుట్టూ సన్నని లేసు కుట్టిన బిళ్లను పెట్టుకోవచ్చు. అర్హత లేకుండా పెట్టుకునే సాహసం చేసినవాణ్ణి కఠినంగా శిక్షిస్తామని కూడా అందులోనే ఉంది. బిళ్ల ఇంకా ఎవరి రొమ్మునా చేరకముందే సేనాని దొంగ గురించి ఆలోచించాడన్నమాట. ఆ బిళ్ల అందుకున్నట్టు రికార్డుల్లో కచ్చితంగా తేలినవాళ్లు ముగ్గురే. తర్వాత అది మరుగున పడింది. 1932లో పర్పుల్ హార్ట్ అనే పేరుతో తిరిగి వచ్చింది.

ఎవరు ఎక్కడ పోరాడారో శిబిరంలో అందరికీ తెలుసు కాబట్టి అప్పట్లో దొంగను పట్టడం కష్టం కాదు. అమెరికా అంతర్యుద్ధం నాటికి సైన్యం లక్షల్లోకి పెరిగింది. మెడల్ ఆఫ్ ఆనర్ 1861 డిసెంబరులో నౌకాదళానికి, 1862 జూలైలో భూసైన్యానికి ఏర్పడింది. ఇవ్వడానికి మరో పతకం లేకపోవడంతో దాన్ని ఉదారంగా పంచిపెట్టారు. 1863 వేసవిలో దక్షిణాది సేనాని లీ సేనలు ఉత్తరానికి కదిలినప్పుడు, గడువు ముగిసినా రాజధాని కాపలాకు ఆగిన మెయిన్ రాష్ట్రపు 27వ పటాలం సిపాయిలకు పతకం ఇస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆగింది సుమారు 300 మంది. గుమాస్తాల పొరపాటుతో పటాలం మొత్తానికి, 864 మందికి, పతకాలు తయారై వచ్చాయి. ఇంటికి వెళ్లిపోయినవాళ్ల పతకాలను పటాలం అధిపతి తన కొట్టంలో పడేశాడు. అబద్ధాలకోరులు చిన్నబుచ్చకముందే ఆ పతకాన్ని సర్కారే చిన్నబుచ్చింది.

యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘం గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ద రిపబ్లిక్ వేసుకున్న బిళ్ల అచ్చం ఈ పతకంలాగే ఉండేది. కొన్ని అడుగుల దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా తెలిసేది కాదు. అందుకని 1904లో పతకానికి కొత్త రూపం ఇచ్చారు. దాన్ని రూపొందించిన జనరల్ జార్జ్ గిలెస్పీ ఆ ఏడాది నవంబరు 22న పేటెంటు తీసుకుని యుద్ధ శాఖ మంత్రికి రాసిచ్చాడు. శౌర్యాన్ని కాపాడటానికి నేర చట్టం లేక, కుట్టుమిషన్‌కూ తాళం కప్పకూ వాడే పేటెంటును అరువు తెచ్చుకున్నారు. దాని గడువు తీరిపోయాక, 1923లో, అనుమతి లేకుండా సైనిక పతకాలు తయారు చేయడాన్నీ ధరించడాన్నీ కాంగ్రెస్ నేరంగా ప్రకటించింది.

దీనికి ముందే ఒక కత్తిరింపు జరిగింది. 1916 చట్టం కింద జనరల్ నెల్సన్ మైల్స్ అధ్యక్షతన అయిదుగురు విశ్రాంత జనరల్స్ పాత జాబితా తిరగేసి, 1917లో 911 పేర్లు కొట్టేశారు. 27వ మెయిన్ పటాలం వాళ్ల 864 పేర్లు, లింకన్ భౌతికకాయం వెంట కాపలా నడిచిన 29 మంది పేర్లు అందులో పోయాయి. సైన్యానికి దారి చూపిన బఫెలో బిల్ పేరుతో పాటు ఈ పతకం పొందిన ఏకైక మహిళ, డాక్టర్ మేరీ వాకర్ పేరు కూడా పోయింది. పేరు కొట్టేశాక పతకం ధరిస్తే నేరమని ఆ చట్టమే చెప్పింది. మేరీ వాకర్ ఖాతరు చేయలేదు. 1919లో చనిపోయేదాకా పెట్టుకునే తిరిగింది. అనర్హుల కోసం రాసిన నిబంధన, యుద్ధంలో క్షతగాత్రులకు వైద్యం చేసి శత్రువుకు బందీ అయిన మనిషిని దోషిని చేసింది. 1977లో గానీ ఆమె పేరు మళ్లీ జాబితాకెక్కలేదు.

ఇంతవరకూ చట్టాలు పట్టుకున్నది వస్తువునే. భారతదేశంలోనూ 1860 నాటి శిక్షాస్మృతి 140వ సెక్షన్ సైనికుడిలా నమ్మించడానికి యూనిఫాం వేసుకోవడాన్ని, గుర్తు పెట్టుకోవడాన్ని శిక్షించిందే తప్ప కోతలు కోయడాన్ని కాదు. దాని స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్‌దీ అదే దారి.

అమెరికాలో చూపు నోటి మాట మీదికి మళ్లింది వియత్నాం యుద్ధం తర్వాత. టెక్సస్‌లో ఆ యుద్ధ స్మారకానికి చందాలు పోగుచేసిన మాజీ సైనికుడు బి.జి. బర్కెట్, సమాచార చట్టం కింద సైనిక రికార్డులు తెప్పించి, వీరులుగా చలామణీ అవుతున్నవాళ్ల కథలతో పోల్చి చూశాడు. కథకూ కాగితానికీ పొంతన కుదరని కేసులతో 1998లో గ్లెన్నా విట్లీతో కలిసి ‘స్టోలెన్ వాలర్’ పుస్తకం తెచ్చాడు. దొంగిలించిన శౌర్యం అనే ఆ పేరే చట్టానికీ వచ్చింది. కొలరాడోలో పామ్ స్టెర్నర్ అనే విద్యార్థిని కాలేజీలో రాసిన వ్యాసం ఆధారంగా ఆ రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన ప్రతినిధి జాన్ సలాజర్ బిల్లు పెట్టాడు. 2006 డిసెంబరు 20న అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. పతకం కొనక్కర్లేదు, పెట్టుకోనక్కర్లేదు. వచ్చిందని అబద్ధమాడితే చాలు, ఆరు నెలల వరకు జైలు. మెడల్ ఆఫ్ ఆనర్ అయితే ఏడాది వరకు.

ఈ చట్టం జేవియర్ అల్వారెజ్ దగ్గర బోల్తా పడింది. దక్షిణ కాలిఫోర్నియాలో నీటి సరఫరా బోర్డుకు కొత్తగా ఎన్నికైన ఇతను 2007 జూలైలో ఒక సమావేశంలో లేచి తనను తాను పరిచయం చేసుకున్నాడు: మెరైన్ దళంలో 25 ఏళ్లు చేశానన్నాడు, 1987లో మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందన్నాడు, చాలాసార్లు గాయపడ్డానన్నాడు. అసలు ఏనాడూ సైన్యం గడప తొక్కలేదు. ప్రసిద్ధ హాకీ జట్టులో ఆడానని కూడా అంతకుముందు చెప్పుకున్న ఘనుడు. ఆ హాకీ కోతకు శిక్ష లేదు, పతకం కోతకు ఉంది. నేరం ఒప్పుకుంటూనే, చట్టం చెల్లుతుందా అన్న ప్రశ్నను అప్పీలుకు అట్టిపెట్టుకున్నాడు.

2012 జూన్ 28న సుప్రీంకోర్టు 6–3తో చట్టాన్ని కొట్టేసింది. మోసం, దూషణ, కోర్టులో అబద్ధపు సాక్ష్యం వంటివి శిక్షార్హమయ్యేది అబద్ధమైనందుకు మాత్రమే కాదని, వాటివల్ల మరొకరికి లేదా న్యాయానికి కలిగే నష్టం వల్లనని జస్టిస్ కెన్నెడీ రాశాడు. ఇంట్లో గుసగుసగా అన్న మాట కూడా ఈ చట్టానికి దొరికిపోతుందని ఎత్తిచూపాడు. వీరుల పేర్లన్నీ అందరికీ కనిపించేలా ఒకచోట పెడితే అబద్ధం దానంతటదే బయటపడుతుందని మరో మార్గం సూచించాడు. కెన్నెడీతో పూర్తిగా ఏకీభవించని జస్టిస్ బ్రయర్, ఇంకాస్త ఇరుకుగా రాస్తే చట్టం నిలవవచ్చన్నాడు. విభేదించిన జస్టిస్ అలిటో దృష్టిలో ఈ అబద్ధాలకు రక్షణ పొందే విలువే లేదు. పేర్ల పట్టిక సూచన వినడానికి తేలిక. కానీ 1973 జూలైలో సెయింట్ లూయిస్ దగ్గరి సైనిక రికార్డుల భవనం తగలబడి 1.6 కోట్లకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. అయినా తీర్పు వచ్చిన కొద్ది వారాలకే రక్షణ శాఖ ఒక వెబ్‌సైటు తెరిచి ఇటీవలి పతక గ్రహీతల పేర్లు పెట్టింది.

కాంగ్రెస్ పట్టుకున్నది మాత్రం బ్రయర్ మాట. 2013 జూన్ 3న ఒబామా సంతకం చేసిన కొత్త చట్టంలో అబద్ధమొక్కటే నేరం కాదు. దాన్ని వాడుకుని డబ్బో, ఆస్తో, మరో ప్రత్యక్ష లాభమో పొందాలన్న ఉద్దేశం రుజువు కావాలి. అప్పుడు శిక్ష ఏడాది వరకు. ఊరేగింపులో చప్పట్ల కోసం చెప్పింది దీనికి దొరకదు, మాజీ సైనికులకిచ్చే ఉద్యోగ ప్రాధాన్యం కోసం చెప్పింది దొరుకుతుంది. 1923 నుంచి వస్తున్న ‘ధరించడం’ అన్న మాటను కూడా ఈ చట్టం నేరాల జాబితాలోంచి తీసేసింది. 2016 జనవరిలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, సాక్షి బోనులోకి పర్పుల్ హార్ట్ పెట్టుకొచ్చిన ఐడహో మాజీ మెరైన్‌కు అందుకు పాత చట్టం కింద పడిన శిక్షను రద్దు చేసింది. పతకం పెట్టుకోవడం కూడా ఒక రకంగా మాట్లాడటమేనని తేల్చింది. అతను పెట్టుకొచ్చింది, వాషింగ్టన్ న్యూబర్గ్‌లో హెచ్చరిక జోడించి ఇచ్చిన ఆ ఊదా హృదయం వారసత్వాన్నే.