గౌహర్ బంతి

భారత్, పాకిస్తాన్ క్రికెట్ ఆడే రోజు మా వీధుల్లో టీవీ సౌండు తగ్గుతుంది. ఎవరు గెలిచినా, మీరు ఎవరికి చప్పట్లు కొట్టారని లెక్క అడిగేది మమ్మల్నే. నెల్లూరు తీరంలో వలలు, రొయ్యల గుంటల మధ్య బతికే మాకూ ఆ లెక్క తప్పలేదు.

2008 మే 5. శ్రీలంకలోని కురునేగలలో ఆసియా కప్. ఇరవయ్యేళ్ల హైదరాబాద్ పిల్ల గౌహర్ సుల్తానా భారత్ తరఫున మొదటి వన్డే ఆడింది. ఎదుట పాకిస్తాన్. మా తరఫున జవాబు చెప్పిందని మేం అనం. ఆమె పోయింది జవాబు చెప్పడానికి కాదు, ఎడమచేత్తో స్పిన్ వేయడానికి. 2014 దాకా 50 వన్డేల్లో 66 వికెట్లు, 37 టీ20ల్లో 29. మళ్లీ పదేళ్లకు, 2024లో, యూపీ వారియర్స్‌కు ఆడింది. 2025లో ఆటకు సెలవు చెప్పింది.

1995లో మగవాళ్ల జట్టుకు అజారుద్దీన్, ఆడవాళ్ల జట్టుకు ఆల్‌రౌండర్ పూర్ణిమా రావు కెప్టెన్లు. ఇద్దరిదీ హైదరాబాదే. అజార్ మా ఇంటింటికీ తెలుసు. పూర్ణిమ ఎవరికి తెలుసు? ఆడవాళ్ల క్రికెట్‌ను బోర్డు తన కిందికి తీసుకున్నదే 2006లో. గౌహర్ పేరూ మా గడప దాటి రాలేదు. తలాక్, పర్దా తప్ప మా ఆడవాళ్ల గురించి రాయని పత్రికలను తిడతాం, సరే. ఈడొచ్చిన పిల్ల చేతిలో బంతి లాక్కున్నది మాత్రం మేమే.

మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకుంటారు. మా ఇంటి చిన్నది నీళ్లలో నిలబడి అడిగింది: "ఆట రొట్టె ఎవరి దగ్గరుంది అమ్మీ?"