గిరిగిరి, పోపుల డబ్బా

సింగరేణి జీతం అసలు సిసలు తెల్లడబ్బు. పన్ను కోసుకున్నాకే బ్యాంకులో పడుతుంది. గోదావరిఖనిలో అది నల్లబడేది ఆ తర్వాత, గిరిగిరి దందా చేతిలో. ఏటీఎం కార్డు, పిన్ నంబరు, సంతకం చేసిన ఖాళీ చెక్కు తాకట్టు. 90,000 చేతిలో పెట్టి లక్ష రాసుకుని, రోజుకు 1,000 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారనుకోండి. చూడటానికి మిత్తి పదివేలే. అసలు రోజురోజుకీ తగ్గుతుంది గనక ఏడాదికి లెక్కగడితే నూటికి డెబ్బై దాటుతుంది. వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని నిజాం ప్రభుత్వం 1349 ఫసలీలోనే, అంటే 1940 ప్రాంతంలో, చట్టం చేసింది!

గనిలోపలి పనిని 1952 గనుల చట్టం స్త్రీలకు నిషేధించింది. 2019లో ఇచ్చిన సడలింపు కూడా సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక ఉద్యోగాలకే. కాబట్టి జీతం అతని పేరన, అప్పూ అతని పేరనే. వాకిట్లో నిలబడ్డ వసూలు మనిషికి జవాబు చెప్పేది మాత్రం ఆమె.

అందుకే పోపుల డబ్బాలో, చీర మడతల్లో నోట్లు. 2016 నవంబరు 8 రాత్రి ఆ 500, 1,000 నోట్లు కూడా నల్లధనం అనుమానం కిందికొచ్చాయి. ఆమె దాచింది ప్రభుత్వానికి కనబడకుండా కాదు, భర్తకీ గిరిగిరికీ కనబడకుండా. రెండు దాపరికాలనీ ఒకే మాటతో పిలవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. గృహిణులు 2.5 లక్షల దాకా జమచేస్తే పన్నుశాఖ అడగదన్నారు. ఇంట్లో అడగరా, "ఎక్కడిదీ డబ్బు?" అని? సొంత ఖాతా లేని ఇల్లాలు ఆ నోట్లు వేయాల్సింది భర్త ఖాతాలోనే. ఆ ఖాతా కార్డు ఎవరి జేబులో ఉందో ముందే చెప్పాను.