మఠం గోడల మధ్య వేడినీళ్లు

యూరప్‌లో పాత క్రైస్తవ మఠాన్ని పెద్ద హోటల్‌గా మార్చారంటే అందులో స్పా లేకుండా ఉండడం అరుదు. వేడినీళ్ల కొలను, ఆవిరి గది, మూలికల నూనెతో మర్దన అన్నీ ఉంటాయి. సన్యాసుల కాలం నుంచి వస్తున్న సంప్రదాయాన్నే కొనసాగిస్తున్నామని ఆ హోటళ్లు చెప్పుకుంటాయి. పదిహేను వందల ఏళ్లు వెనక్కి వెళ్లి చూస్తే ఆ మాటలో సగమే నిలుస్తుంది.

6వ శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళిలో 36వ అధ్యాయం రోగుల గురించి. రోగికి ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు స్నానం చేయించవచ్చు. ఒంట్లో బాగున్నవాళ్లకు, ముఖ్యంగా కుర్రవాళ్లకు, ఆ అనుమతి అరుదు. రోమన్ల స్నానశాలలు అప్పటికి భోగానికి మారుపేరు. ఆ గాలి మఠంలోకి రాకూడదని పెద్దల జాగ్రత్త. మన బౌద్ధ భిక్షువులకు ఈ బెంగ అంతగా లేదు. ఆవిరి స్నానపు గదిని వాళ్ల నియమాల గ్రంథం వినయపిటకం ఎప్పుడో అనుమతించింది.

నీళ్ల మీద ఆంక్ష ఉన్నా, నీళ్ల ఏర్పాటులో మఠాలను మించినవాళ్లు మధ్యయుగంలో తక్కువ. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో ఐదు తోలు ముక్కలు కలిపి కుట్టిన ఒక పటం ఉంది. 9వ శతాబ్దం తొలి దశకాల్లో గీసిన ఆదర్శ మఠం నమూనా అది. అచ్చం అలాగే ఎక్కడా కట్టలేదు గానీ, ఒక మూలకు వచ్చేసరికి చూపు ఆగిపోతుంది. రోగుల నివాసం, వైద్యుడి ఇల్లు, నెత్తురు తీసే చికిత్సకు విడిగా ఓ ఇల్లు, 16 మడుల మూలికల తోట, రోగుల కోసమే ఓ స్నానాల గది అన్నీ అక్కడ ఒకదాని పక్కన ఒకటి. నేటి స్పా యజమాని చూస్తే ముచ్చటపడి ఎత్తుకుపోయే ప్లాను. కాకపోతే అందులో ప్రతి గదీ జబ్బుపడ్డవాడి కోసం.

ఈ చరిత్రంతా ఒక్కచోటే చూడాలంటే స్విట్జర్లాండ్ తూర్పున ఉన్న ఫేఫర్స్‌కు వెళ్లాలి. 8వ శతాబ్దపు బెనెడిక్టిన్ మఠం. దాని కింద తమీనా నది కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ. ఆ లోయ లోపల, రాతి గోడలు తలపైన దాదాపు కలిసిపోయేచోట, 36.5 డిగ్రీల వేడితో ఊట ఉబుకుతుంది. 13వ శతాబ్దం నుంచి మఠం దాన్ని రోగుల కోసం వాడింది. దారి లేదు. రోగులను తాళ్లతో, నిచ్చెనలతో కిందికి దించేవారు. దిగడం అంత కష్టం కాబట్టి దిగినవాళ్లు మాటిమాటికీ పైకి రాకుండా రోజుల తరబడి నీళ్లలోనే ఉండేవారనీ, తిండీ నిద్రా అక్కడేననీ చెబుతారు. వైద్యుడు పారసెల్సస్ 1535లో ఇక్కడ ఉండి ఈ నీళ్ల గుణాల మీద చిన్న పుస్తకమే రాశాడు. తర్వాతి శతాబ్దంలో నీటిని లోయ లోపలి నుంచి బయటికి మళ్లించారు. 18వ శతాబ్దం మొదట్లో పొడవాటి స్నానాల భవనం లేచింది. 1838లో మఠం మూతపడి ఆస్తి ప్రభుత్వపరమైంది. రెండేళ్లకే, 1840లో, చెక్క గొట్టాలు వేసి ఆ నీటిని కొన్ని కిలోమీటర్ల దిగువన ఉన్న రాగాట్స్ ఊరికి తెచ్చారు. ఇక తాళ్లూ నిచ్చెనలూ అక్కర్లేదు. గుర్రపు బండి దిగి గదిలోకి నడిచిపోవచ్చు. 1869కల్లా అక్కడ క్వెల్లెన్‌హోఫ్ అనే గ్రాండ్ హోటల్ వెలిసింది. ‘హైదీ’ కథలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన నడవలేని క్లారా దిగేది ఈ ఊళ్లోనే. రోగుల నీళ్లు అతిథుల నీళ్లయింది ఆ గొట్టాల వల్లే అని నా అభిప్రాయం.

మిగతా యూరప్‌లో మఠాలను ఖాళీ చేయించింది ప్రభుత్వాలు. ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ, ఆస్ట్రియాలో 2వ జోసెఫ్, తర్వాత ఫ్రెంచి విప్లవం, 1803లో జర్మన్ రాజ్యాలు, 1834లో పోర్చుగల్, ఆ వెంటనే స్పెయిన్, 1866లో ఇటలీ. కొన్ని కట్టడాలు బ్యారక్‌లయ్యాయి, కొన్ని జైళ్లు, కొన్ని గోదాములు. చాలావాటి రాళ్లు ఊళ్లో ఇళ్లకు పునాదులయ్యాయి. హోటల్ అనేది చాలా ఆలస్యంగా వచ్చిన కొనుగోలుదారు, కొన్నిచోట్ల రక్షకుడు కూడా.

ఇటలీలోని అమాల్ఫీ తీరంలో కొండ అంచున ఉన్న సాంతా రోజా మఠమే చూడండి. 1681లో డొమినికన్ సన్యాసినుల కోసం వెలసింది. లోకానికి ముఖం చూపించని ఆ సన్యాసినులు గోడలో అమర్చిన చెక్క తిరుగుడు పెట్టెలోంచి ఊరివాళ్లకు మిఠాయి అందించేవారు. నేపుల్స్ పేరు చెబితే గుర్తొచ్చే పొరల పొరల స్ఫోల్యతెల్లా ఇక్కడే పుట్టిందని అంటారు. సన్యాసినులు పోయాక, 1924 తర్వాత కొంతకాలం హోటల్‌గా నడిచి, మళ్లీ మూతపడి, 2012లో 20 గదులతో తెరుచుకుంది. స్పా రాతి కమానుల కింద ఉంది. ఈత కొలను మాత్రం ఆరుబయట, సముద్రం మీదికి చూసే అంచున.

ఇలాంటి ఎంపికల వెనక లెక్క ఉంటుంది. ఘనపు మీటరు నీళ్ల బరువు వెయ్యి కిలోలు. మీటరున్నర లోతు కొలను అంటే ప్రతి చదరపు మీటరు మీద టన్నున్నర. పాత అంతస్తులు ఆ బరువు మోయలేవు. పైగా సున్నపు గారకు ఆవిరే శత్రువు. తడి రాతిలోకి దిగి లవణాలను బయటికి నెడుతుంది, పెచ్చులు ఊడతాయి, గోడ మీద బొమ్మలుంటే పోతాయి. అందుకే ఆవిరి గదిని పాత గోడకు తగలకుండా పెట్టెలో పెట్టెలా కట్టి, గాలిని విడిగా నడిపిస్తారు. ఈ జాగ్రత్త సరిగా పడిందా లేదా అన్నది కట్టినవాళ్ల కంటే పదేళ్ల తర్వాత గోడే బాగా చెబుతుంది.

ప్రేగ్‌లో డొమినికన్ మఠం హోటలయ్యాక స్పాను ఒకప్పటి ప్రార్థనా మందిరంలో పెట్టారు. గాజు నేల కిందుగా అంతకంటే పాత గోథిక్ చర్చి శిథిలాలు కనిపిస్తాయి. పనితనానికి వంక పెట్టలేం. కానీ ప్రార్థన చేసిన చోట మర్దన బల్ల వేయడం నాకు మింగుడుపడదు.

స్పెయిన్‌లో దువేరో నది ఒడ్డున ఉన్న రెతువేర్తా మఠం దారి వేరు. 1146 నాటి కట్టడం, 1931 నుంచి రక్షిత స్మారకం. మందుల కంపెనీ సాండోజ్ 1988లో ఎస్టేట్‌ను కొని ద్రాక్షతోటలు మళ్లీ వేయించింది. 2012లో హోటల్, 2015లో స్పా వచ్చాయి. స్పాను మఠంలో ఇరికించకుండా నేలలోకి దించారు. పై నుంచి వెలుతురు పడుతుంది, పాత గోడకు తడి తగలదు. అతిథి మూడు రకాల వైన్ రుచి చూసి ఏది నచ్చిందో చెబితే, దాన్ని బట్టి మర్దన నూనె ఎంచే మనిషి కూడా ఉన్నాడు. బెనెడిక్ట్ చూస్తే ఏమనేవాడో గానీ, భవనం విషయంలో మాత్రం ఈ యజమానులు పద్ధతిగానే నడుచుకున్నారు.

ఫేఫర్స్‌లో పరిస్థితి ఇంకోలా ఉంది. ఊట నీళ్లు నేటికీ రాగాట్స్‌లోని హోటల్ కొలనులకు చేరుతూనే ఉన్నాయి. లోయలోని పాత స్నానాల భవనంలో మ్యూజియం ఉంది. పైన కొండ మీది మఠం మాత్రం హోటల్ కాలేదు. 19వ శతాబ్దం నడుమ నుంచి ఆ భవనాలు మానసిక చికిత్సాలయంగా ఉన్నాయి, ఇప్పటికీ అక్కడికి రోగులే వస్తారు.